గృహహింస నివారణ క్లాసులు పెడుతున్నాం: ముందు ఎవరికి చెప్పాలి, ఏం చెప్పాలి?

తుమ్మెద

అందరికీ నమస్తే. మేముండే చోట నివాసుల సంఘం తరఫున గృహహింస నివారణ గురించి, ఆరోగ్యకరమైన సంబంధాల గురించి నెలకోసారి కూర్చుని మాట్లాడుకునే కార్యక్రమం మొదలుపెడుతున్నాం. ఆ బాధ్యత నాకు అప్పగించారు.

ఇప్పటిదాకా నేను చూసిన అవగాహన సభలన్నీ దాదాపు ఒకే తీరు. ఒకరు వచ్చి "హింసను సహించకండి, ధైర్యంగా బయటికి రండి" అని ఉపన్యాసం ఇస్తారు. అందరూ చప్పట్లు కొట్టి ఇళ్ళకి వెళ్తారు. ఆ మాట ఎవరికి చేరాలో ఆవిడకి అసలు ఆ సభకి వచ్చే వీలే ఉండదు. వచ్చినా పక్కనే భర్త కూర్చుని ఉంటాడు.

అందుకే నా ఆలోచన వేరుగా ఉంది. దెబ్బలు తింటున్న మనిషి మొదటిసారి నోరు విప్పేది చాలావరకు పోలీసుల దగ్గరో లాయరు దగ్గరో కాదు. అక్క దగ్గరో, స్నేహితురాలి దగ్గరో, పక్కింటామె దగ్గరో, ఆఫీసులో పక్క సీటు మనిషి దగ్గరో. విన్న ఆ మొదటి మనిషి ఏమన్నారన్న దాన్ని బట్టే ఆవిడ ఇంకొకరికి చెప్పడమో, ఇక ఎవరికీ చెప్పకుండా ఉండిపోవడమో జరుగుతుంది. కాబట్టి మా క్లాసులు ముందు వినేవాళ్ళ కోసం పెట్టాలనుకుంటున్నాను. ఈ పని చేసినవాళ్ళు, దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఉంటే ఏం నేర్పాలో, ఏం నేర్పకూడదో చెప్పండి.

రాత్రి డ్యూటీ

తుమ్మెద గారూ, నేను ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సుని. మీ ఆలోచన సరైనదేనని నా అనుభవం చెప్తోంది.

ఒకావిడ వాచిన మణికట్టుతో వచ్చింది. "బాత్రూంలో జారిపడింది" అని భర్తే చెప్పాడు. ఎప్పుడు పడ్డారమ్మా అని ఆవిణ్ణి అడిగితే జవాబు ఆయనే ఇచ్చాడు. నొప్పి ఎంతుందని అడిగినా ఆయనే. ఆవిడ నేను ప్రశ్న వేసినప్పుడల్లా ముందు ఆయన మొహం వైపు చూస్తోంది. మణికట్టుకి బయటి వైపు నాలుగు వేళ్ళ గుర్తులు వరసగా, లోపలి వైపు బొటనవేలి గుర్తు. జారిపడితే అలాంటి గుర్తులు పడవు. ఎక్స్‌రే గదిలోకి వెంట వచ్చినవాళ్ళని రానివ్వరు కాబట్టి అక్కడ ఒంటరిగా దొరికింది. "ఇంట్లో ఎవరన్నా భయంగా ఉంటుందా అమ్మా?" అని మెల్లగా అడిగాను. తల అడ్డంగా ఊపింది, కానీ కళ్ళనిండా నీళ్ళు. "ఈరోజే చెప్పక్కర్లేదు. ఎప్పుడు చెప్పాలనిపించినా రండి. మీరు చెప్పింది నేను నమ్ముతాను" అన్నాను. కొన్నాళ్ళ తర్వాత తనంతట తనే వచ్చింది, మాట్లాడ్డానికి.

"కొడుతున్నాడా?" అని ఎందుకు అడగలేదంటే, ఆ ప్రశ్నకి చాలామంది లేదనే అంటారు. భయం గురించి అడిగితే అబద్ధం చెప్పడం కష్టం. ఇంకో సంగతి, ఎదురుగా ఆయన ఉండగా మాత్రం ఎప్పుడూ అడగకూడదు. అలా అడిగితే ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక దానికి జవాబు చెప్పుకోవాల్సింది ఆవిడే.

మీ క్లాసులో ఈ ఒక్కటి తప్పకుండా చెప్పండి. గొంతు నొక్కాడని ఎవరైనా చెప్తే దాన్ని మిగతా దెబ్బలతో కలిపి చూడకూడదు. అమెరికాలో జరిపిన ఒక పరిశోధన 2008లో వెలువడింది. అంతకు ముందు గొంతు నొక్కిన భాగస్వామి చేతిలో ఆ స్త్రీ హత్యకు గురయ్యే అవకాశం 7 రెట్లకు పైగా ఎక్కువని అందులో తేలింది. పైకి గుర్తు ఒక్కటీ కనిపించకపోవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టమవడం, కళ్ళల్లో ఎర్రటి చుక్కలు, కాసేపు స్పృహ తప్పడం, ఇవి ఉంటే వెంటనే డాక్టరుకి చూపించాలి. కొందరికి గంటలు, రోజులు గడిచాక కూడా ప్రాణం మీదకి వస్తుంది.

ఓ మామూలు పాఠకుడు

అందరూ ఒప్పుకోకపోవచ్చు గానీ అడగాలనిపించింది, అడుగుతున్నాను. భార్యాభర్తలన్నాక మాటా మాటా అనుకుంటారు. ఒక్కోసారి గట్టిగా అరుచుకుంటారు కూడా. ప్రతిదాన్నీ హింస అంటే ఏ కాపురమూ నిలబడదు కదా? బయటివాళ్ళు జోక్యం చేసుకుంటే సర్దుకునే గొడవ కాస్తా ముదిరిపోతుందేమోనని నా భయం. ఏది గొడవ, ఏది హింస అన్నది సంఘం వాళ్ళు ఎలా తేలుస్తారు?

అక్షర

పాఠకుడు గారూ, ఇది అడగాల్సిన ప్రశ్నే. ప్రతి సభలోనూ సగం మంది మనసులో ఇదే ఉంటుంది, పైకి అనరు అంతే. నేను కుటుంబ కౌన్సెలింగ్‌లో పని చేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఎన్ని డెసిబెల్స్‌లో అరిచారన్నది మేం చూడం. చూసేవి రెండే. మొదటిది, ఆ ఇంట్లో ఒకరు ఇంకొకరికి భయపడుతున్నారా? రెండోది, "వద్దు" అంటే ఏమవుతోంది? గొడవ పడే జంటలో ఇద్దరూ అరుస్తారు, ఇద్దరూ అలుగుతారు, మర్నాడు ఎవరో ఒకరు తగ్గుతారు. ఈసారి ఒకరు తగ్గితే వచ్చేసారి ఇంకొకరు. హింస ఉన్న ఇంట్లో తగ్గేది ఎప్పుడూ ఒక్కరే. ఆ మనిషి ఏ మాట మాట్లాడాలన్నా ముందు ఎదుటివాళ్ళ మూడ్ చూసుకుంటుంది. స్నేహితులకి ఫోన్ చేయడం మానేస్తుంది, ఎందుకంటే చేసిన ప్రతిసారీ విచారణ ఉంటుంది. జీతం తనదే అయినా పది మందిలో డబ్బు తీయాలంటే బెరుకు. ఎక్కడున్నావో లొకేషన్ పంపించు, ఫోటో తీసి పెట్టు, ఫోన్ ఎందుకు ఎత్తలేదు, ఇదే రోజంతా. ఒక్క దెబ్బ కూడా పడకుండానే మనిషి బతుకు మొత్తం ఇంకొకరి గుప్పిట్లోకి వెళ్ళిపోతుంది.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ అనే ఊళ్ళో 1984లో హింస అనుభవించిన స్త్రీలతో కూర్చుని, వాళ్ళు చెప్పిన వాటితోనే ఒక చక్రం బొమ్మ గీశారు. మధ్యలో అధికారం, అదుపు. చక్రం చువ్వల మధ్య బెదిరింపు, ఒంటరిని చేయడం, డబ్బు ఆపడం, పిల్లల్ని అడ్డం పెట్టుకోవడం, చేసినదాన్ని తేలిక చేసి మాట్లాడటం లాంటివి. కొట్టడం ఆ చక్రానికి బయటి అంచులో ఉంటుంది. అది లోపల ఉన్నవన్నిటినీ పట్టి ఉంచుతుంది. ఒక్కసారి కొట్టాక మళ్ళీ కొట్టక్కర్లేదు, చూపు చాలు. క్లాసుల్లో ఈ బొమ్మ పెట్టి మాట్లాడినప్పుడు చాలామంది మొదటిసారి తమ ఇంటినే చూసుకుంటారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 నుంచి ఇలా అదుపు చేయడమే శిక్షార్హమైన నేరం, చేయి చేసుకోకపోయినా సరే.

జోక్యం వల్ల గొడవ ముదురుతుందన్నారు. ఒక రకం జోక్యంతో నిజంగానే ముదురుతుంది, మీ భయంలో అర్థముంది. ఇద్దర్నీ కూర్చోబెట్టి "నీదీ కొంచెం తప్పుంది, ఆయనదీ కొంచెం తప్పుంది" అని పంచాయితీ చేయడం ఆ రకం. భయం ఉన్నచోట ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టే కౌన్సెలింగ్ చేయకూడదన్నది మా వృత్తిలో మొదట నేర్చుకునే విషయాల్లో ఒకటి. ఆ గదిలో ఆమె నిజం చెప్తే ఇంటికి వెళ్ళాక శిక్ష పడుతుంది. చెప్పకపోతే అంతా బాగానే ఉన్నట్టు కాగితం మీదకెక్కుతుంది.

గొంతు విప్పినదాన్ని

నేను పదకొండేళ్ళ కాపురం తర్వాత బయటికి వచ్చినదాన్ని. తుమ్మెద గారు అడిగారు కాబట్టి చెప్తున్నాను, వేరే వివరాలు రాయను.

మొదట చెప్పింది మా దగ్గరి బంధువుకి. "నువ్వేమన్నావ్ ఆయన్ని?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నతో నాలుగేళ్ళు నోరు మూసుకున్నాను. తర్వాత ఒక స్నేహితురాలికి చెప్పాను. "ఇంకా ఎందుకున్నావు అక్కడ, రేపే వచ్చేయ్" అంది. ప్రేమతోనే అంది. కానీ రేపే వెళ్ళలేకపోయాను, ఆ సిగ్గుతో ఆమెకి ఫోన్ చేయడం కూడా మానేశాను. ఇది ఎవరూ గమనించరు. తిట్టినవాళ్ళే కాదు, తొందరపెట్టినవాళ్ళు కూడా దూరమవుతారు.

మూడో మనిషి మా ఆఫీసులో ఒక పెద్దావిడ. అంతా విని, "ఇందులో నీ తప్పేం లేదు" అంది. తర్వాత "నేనేం చేస్తే నీకు పనికొస్తుంది?" అని అడిగింది. అన్నేళ్ళలో నాకేం కావాలని అడిగిన మొదటి మనిషి ఆవిడే. నా సర్టిఫికెట్ల కాపీలు, పిల్లల పుట్టిన తేదీ కాగితాలు, బ్యాంకు పుస్తకం, ఒక జత బట్టలు తన డెస్కులో పెట్టుకుంది. మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. "ఆ ఫైలు దొరికిందా?" అని నేను మెసేజ్ పెడితే పోలీసులకి ఫోన్ చేయమని అర్థం. వెళ్ళమనీ ఉండమనీ ఒక్కసారి కూడా అనలేదు. బయటికి రావాలని నేను నిర్ణయించుకున్న రోజున అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

అందుకే మీ క్లాసులో "బయటికి రండి" అన్న మాట మాత్రం పెద్దగా రాయొద్దు. వదిలేసి వెళ్తున్నప్పుడు, వెళ్ళిన కొత్తలో ప్రమాదం చాలా ఎక్కువ, ఎందుకంటే అదుపు పోతోందని అవతలి మనిషికి తెలిసిపోతుంది. ఏర్పాట్లు లేకుండా వెళ్ళమని చెప్పడం కూడా ప్రమాదమే.

రాత్రి డ్యూటీ

పైన రాసినావిడకి నా నమస్కారం. ఫోను సంగతి ఒకటి కలుపుతాను. సహాయం కోసం నెట్‌లో వెతికేవాళ్ళు తమ ఫోను భద్రమేనా అని చూసుకోకుండా వెతకొద్దు. పాస్‌వర్డ్ ఆయనకి తెలిసినా, అకౌంట్లు ఆయన చేతిలో ఉన్నా వెతికినవన్నీ కనిపిస్తాయి. నమ్మకమైనవాళ్ళ ఫోను నుంచో, ఆఫీసు కంప్యూటర్ నుంచో చూసుకోవడం మేలు. లొకేషన్ యాప్ ఉన్నట్టుండి తీసేసినా అనుమానం వస్తుంది, కాబట్టి అది కూడా ప్లాన్‌లో భాగంగానే చేయాలి.

చిరుగాలి

ఇక్కడ అందరూ స్త్రీల గురించే రాస్తున్నారు. మా అన్నయ్య ఇంట్లో పరిస్థితి తారుమారు. వదిన వస్తువులు విసురుతుంది, పిల్లల్ని తీసుకుని పోతానని బెదిరిస్తుంది. చెప్తే నవ్వుతారని అన్నయ్య ఎవరికీ చెప్పడు. మీ క్లాసులో ఇలాంటివాళ్ళకి చోటుందా?

అక్షర

ఉండాలి చిరుగాలి గారూ. ప్రాణం మీదకి వచ్చే హింసలో, నిత్యం భయంతో బతికేవాళ్ళలో స్త్రీలే చాలా ఎక్కువ, అది మరవకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ వయసులో జీవితంలో ఎప్పుడైనా భాగస్వామి ఉన్న స్త్రీలలో నాలుగో వంతుకు పైగా ఆ భాగస్వామి చేతిలో శారీరక లేదా లైంగిక హింస అనుభవించినవాళ్ళే. అయినా మీ అన్నయ్యకి జరుగుతున్నది కూడా హింసే. ఆయనకి చెప్పాల్సిన మాటలూ అవే: నమ్ముతున్నాను, నీ తప్పు కాదు, నీకేం కావాలి. మీరు ఆయన్ని నవ్వకుండా వింటే సగం పని అయినట్టే.

నీలిమేఘం

ఇలాంటి క్లాసుల వల్ల నిజంగా ఏమన్నా మారుతుందా అని అడిగేవాళ్ళు మీ సంఘంలో తప్పకుండా ఉంటారు. వాళ్ళకి ఉగాండా రాజధాని కంపాలాలో జరిగింది చెప్పండి. అక్కడ సాసా అనే కార్యక్రమం నడిపారు. ఎనిమిది బస్తీలు ఎంచుకుని, నాలుగింట్లో ముందు మొదలుపెట్టి, మిగతా నాలుగింటితో పోల్చి చూశారు. ఫలితాలు 2014లో వచ్చాయి. కార్యక్రమం నడిచిన బస్తీల్లో గడిచిన ఏడాదిలో భాగస్వామి కొట్టడం 52 శాతం తక్కువగా కనిపించింది. పోల్చిన బస్తీలు ఎనిమిదే కాబట్టి ఆ అంకెను కచ్చితమైనదిగా పట్టుకోకూడదు. కానీ కొట్టడం మామూలే అనుకునే స్త్రీలు బాగా తగ్గారన్నది స్పష్టంగా తేలింది.

నాకు అందులో నచ్చింది పద్ధతి. వక్తల్ని పిలవలేదు. అక్కడే బతికే ఆడా మగా మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చారు. వాళ్ళు నలుగురు చేరే చోటల్లా, ఇంటి ముందో, పని దగ్గరో, బొమ్మలు చూపించి మాట్లాడారు. పోలీసుల్నీ ఆరోగ్య కార్యకర్తల్నీ స్థానిక పెద్దల్నీ కలుపుకున్నారు. "హింస తప్పు" అని మొదలుపెట్టలేదు. నీ దగ్గర ఏ అధికారం ఉంది, దాన్ని ఎలా వాడుతున్నావు అన్న ప్రశ్నతో మొదలుపెట్టారు. ఆ ప్రశ్న అడిగితే మగవాళ్ళు లేచి వెళ్ళిపోరు, ఎందుకంటే ఆఫీసులో తమ మీద అధికారం చలాయించేవాడు ఒకడు గుర్తొస్తాడు. ఇంకో విషయం, అది ఒక్క సభ కాదు, ఏళ్ళ తరబడి నడిచింది. తుమ్మెద గారూ, నెలకోసారి పెట్టి మూడో నెల ఆపేయకండి.

వేణువు

నాదొక ప్రశ్న. నా స్నేహితుడొకడు ఇంట్లో చేయి చేసుకుంటాడని మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు. మంచివాడే, కోపం ఆపుకోలేడు అంటారు. వాడితో నేనేం మాట్లాడాలి? మాట్లాడితే ఆ కోపం ఇంటికెళ్ళి ఆవిడ మీద చూపిస్తాడేమోనని టెన్షన్.

అక్షర

మీ టెన్షన్ సబబైనదే వేణువు గారూ. ఆవిడ చెప్పిందనో, ఆవిడ గురించి విన్నామనో పొరపాటున కూడా అనకండి. మీరు కళ్ళారా చూసినదాని గురించి మాత్రమే, ఒంటరిగా ఉన్నప్పుడు, వాడు తాగి లేనప్పుడు మాట్లాడండి. "మొన్న అందరిముందు నువ్వు ఆమెతో అలా మాట్లాడితే నాకు బాగోలేదు. నువ్వు నా స్నేహితుడివి కాబట్టి చెప్తున్నా, ఇది మారాలి, సాయం తీసుకో" అనండి. వాడు వాదిస్తాడు, ఆమె ఎంత రెచ్చగొడుతుందో చెప్తాడు. ఆ వాదనలోకి దిగొద్దు, సానుభూతి చూపించొద్దు.

కోపం ఆపుకోలేడు అన్న మాటని మాత్రం నమ్మకండి. మేనేజరు అవమానించినప్పుడు చేయి ఎత్తడు కదా. ట్రాఫిక్ పోలీసు ఆపితే చేతులు కట్టుకుని నిలబడతాడు కదా. ఇంట్లో కూడా కొట్టిన దెబ్బ కనపడని చోట కొడతాడు, ఎవరైనా తలుపు తడితే ఒక్క క్షణంలో మామూలు గొంతుతో మాట్లాడతాడు. అది ఎక్కడ వాడాలో తెలిసి వాడుతున్న కోపం. అందుకే కోపం తగ్గించుకునే క్లాసులు ఒక్కటే సరిపోవు. చేసినదానికి బాధ్యత తీసుకోవడం నేర్పే కార్యక్రమాలు కావాలి, అవీ నెలల తరబడి.

అన్నిటికన్నా మీ బ్యాచ్ చేయగలిగింది ఒకటుంది. భార్యని వెక్కిరిస్తూ వాడు జోకు వేసినప్పుడు ఎవరూ నవ్వకండి.

లెక్కల మాస్టారు

పెద్దవాళ్ళ సంగతి మీరంతా చెప్పారు. నేను ఎనిమిదో తరగతి పిల్లలతో చేస్తున్నది చెప్తాను. ప్రేమ, పెళ్ళి అనే మాటలే రానివ్వను. ఇద్దరు పిల్లల్ని ముందుకి పిలిచి ఒక సన్నివేశం ఇస్తాను. ఒకరు "నీ ఫోన్ పాస్‌వర్డ్ చెప్పు, నిజమైన ఫ్రెండ్‌వైతే చెప్తావు" అనాలి. రెండోవాళ్ళు స్నేహం చెడకుండా వద్దని చెప్పాలి.

మొదటిసారి చేసినప్పుడు ఆ అమ్మాయి నసిగింది, నవ్వింది, "తర్వాత చెప్తాలే" అంది, చివరికి చెప్పేసింది. తరగతిలో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. మళ్ళీ చేయించాను. ఈసారి "నువ్వంటే ఇష్టమే, పాస్‌వర్డ్ మాత్రం చెప్పను" అంది. ఎదుటి అబ్బాయికి ఏమనాలో తెలియలేదు. తరగతి అంతా అతనికి మాటలు అందించడం మొదలుపెట్టింది. "అలగాలి", "మాట్లాడడం మానెయ్", "ఇంకో ఫ్రెండ్ చెప్పిందని చెప్పు". అన్నీ బోర్డు మీద రాశాను. తర్వాత అడిగాను, వీటిలో ఏవి మీతో ఎవరైనా చేశారు? చేతులు లేచాయి. ఆ తర్వాత పీరియడ్ అంతా "వద్దు" విన్నవాళ్ళు ఏం చేయాలన్నదే నేర్చుకున్నాం. "సరే" అనడం, కాసేపు బాధపడడం, మళ్ళీ అడగకపోవడం. వద్దని చెప్పడం అన్నిచోట్లా నేర్పుతున్నారు, వద్దంటే వినడం ఎవరూ నేర్పడం లేదు.

అమెరికాలో నార్త్ కరొలైనాలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి సేఫ్ డేట్స్ అనే పాఠాలు పెట్టారు. పది క్లాసులు, ఒక నాటకం, ఒక పోస్టర్ పోటీ, అంతే. నాలుగేళ్ళ తర్వాత చూస్తే ఆ పాఠాలు విన్న పిల్లల్లో డేటింగ్ సంబంధాల్లో ఎదుటివారిపై హింస, వారి చేతిలో హింస రెండూ తక్కువగా ఉన్నాయి.

ఓ మామూలు పాఠకుడు

అక్షర గారూ, వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. భయం ఉందా లేదా అన్న కొలత నాకు ఉపయోగపడింది. మరి నాలాంటి మామూలు కాపురాల వాళ్ళకి, అంటే భయం లేదు కానీ గొడవలున్నాయి అనేవాళ్ళకి క్లాసులో ఏం చెప్తారు? పక్కింట్లోంచి అరుపులు వినిపిస్తే ఏం చేయాలన్నది కూడా చెప్పండి.

అక్షర

మొదటిదానికి: గొడవ మధ్యలో ఆగడం నేర్పుతాం. గుండె దడదడలాడుతున్నప్పుడు ఎవరి బుర్రా పనిచేయదు, ఒళ్ళు నెమ్మదించడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. కాబట్టి లేచి వెళ్ళొచ్చు, కానీ "అరగంటలో వచ్చి మాట్లాడతాను" అని చెప్పి వెళ్ళాలి, అన్న టైముకి రావాలి. చెప్పకుండా వెళ్ళి రెండు రోజులు మాట్లాడకపోతే అది ఆగడం కాదు, శిక్షించడం. ఇంటి డబ్బు ఎక్కడ ఎంతుందో ఇద్దరికీ తెలియాలి. ఇద్దరికీ వేరువేరు స్నేహితులుండాలి. నిజానికి దీని మీద ఒక సెషన్ మొత్తం పెట్టొచ్చు.

రెండోదానికి: ప్రాణభయం అనిపిస్తే పోలీసులకి ఫోన్ చేయండి, మీరు ఒంటరిగా లోపలికి వెళ్ళకండి. అంత లేదనిపిస్తే బెల్ కొట్టి ఏదో ఒకటి అడగండి, "కరెంటు మీకుందా?" చాలు. కొట్టే చేయి ఆ క్షణానికి ఆగొచ్చు. భారతదేశంలో 2008లో బెల్ బజావో అని ప్రచారం నడిచింది, ఇరుగుపొరుగుని ఇలా బెల్ కొట్టమని చెప్పడమే దాని సారాంశం. బెల్ కొట్టి ఊరుకోవద్దు. తర్వాత ఎప్పుడైనా ఆమె ఒంటరిగా కనిపించినప్పుడు "మొన్న శబ్దం విన్నాను, నీ గురించి దిగులేసింది" అనండి. ఆమె ఏం లేదంటే ఒప్పుకుని, తలుపు తెరిచే ఉంటుందని చెప్పండి.

గొంతు విప్పినదాన్ని

చేతి సైగ కూడా నేర్పండి. కెనడాలో ఒక మహిళా సంస్థ 2020లో మొదలుపెట్టింది. అరచేయి ఎదుటివాళ్ళకి కనిపించేలా పెట్టి, బొటనవేలు లోపలికి మడిచి, మిగతా వేళ్ళు దాని మీదకి మూయడం. వీడియో కాల్‌లో మాట లేకుండా సాయం అడగడానికి. చేసేవాళ్ళ కంటే చూసేవాళ్ళకి తెలియడం ముఖ్యం. అలా చేస్తే వెంటనే కంగారుపడి అరవకండి. తర్వాత, ఆమెకి అనువైన దారిలో "నీకేం కావాలి" అని అడగండి.

తుమ్మెద

అందరికీ ధన్యవాదాలు. మొదటి నెల ఉపన్యాసం తీసేశాను. మాస్టారి పద్ధతిలోనే పెద్దవాళ్ళతో సన్నివేశం వేయిస్తాం. ఒకరు చెప్పాలి, ఇంకొకరు వినాలి, మిగతావాళ్ళు వినే మనిషి అన్న మాటల్ని బోర్డు మీద రాయాలి. మగవాళ్ళకి వేణువు గారి ప్రశ్నతో వేరే గుంపు. ఒక అనుమానం మిగిలింది: సహాయ కేంద్రాల ఫోన్ నంబర్లున్న కరపత్రాలు పంచొచ్చా?

రాత్రి డ్యూటీ

చేతికి ఇవ్వకండి. ఆ కాగితం బ్యాగులో దొరికితే ఆమెకి ఇంట్లో గొడవే. మా ఆసుపత్రిలో ఆడవాళ్ళ బాత్రూం తలుపుకి లోపలి వైపు అంటిస్తాం, కింద నంబరు చిన్న చీటీల్లాగా చింపుకుని తీసుకునేలా కత్తిరించి పెడతాం. ఆ నంబర్లు పనిచేస్తున్నాయో లేదో అంటించే ముందు మీరే ఒకసారి ఫోన్ చేసి చూడండి, ఏ వేళల్లో ఎత్తుతారో కూడా కనుక్కుని దాని మీదే రాయండి. మీరు కూర్చునే హాల్లో మగవాళ్ళ బాత్రూంలో కూడా పెట్టండి, చిరుగాలి గారి అన్నయ్య లాంటివాళ్ళు వస్తారు.